నూట ఇరవై ఏడు పళ్ల చక్రం

అయితే మీ మిషను అంగుళాల్లోంచి మిల్లీమీటర్లలోకి రావాలంటే ఒక్క అంకె మారిస్తే చాలంటావు. జీ 20 కొడితే అంగుళాలు, జీ 21 కొడితే మిల్లీమీటర్లు. బాగుందిరా అబ్బాయ్, సుఖపడ్డారు. మా రోజుల్లో ఆ ఇరవైకీ ఇరవై ఒకటికీ మధ్య ఒక పూట పని ఉండేది, మోచేతుల దాకా గ్రీజు ఉండేది, ఒక గంట కూడా ఉండేది. గంటంటే అరవై నిమిషాల గంట కాదు, కొడితే మోగే గంట. దాని సంగతి వస్తుందిలే, తొందరపడకు. ముందు ఆ ఫోను బోర్లించి పెట్టు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇవాళ నువ్వు దొరికావు.

ప్రకాశం బ్యారేజీ పూర్తయిన రోజులనుకో, అంటే 1957. బెజవాడలో ఆటోనగర్ ఇంకా పుట్టలేదు, దానికి 1966 రావాలి. లారీల పని చేసే షెడ్లు బందరు రోడ్డు వెంట ఉండేవి. మా షాపు కూడా అక్కడే. పైన రేకులు, కింద నల్లమన్ను. అది మొదట మామూలు మన్నేనట, నూనె తాగీ తాగీ అలా అయింది. ఒక మూల మోటారు. దాని మీంచి కప్పు కింద పొడుగ్గా షాఫ్టు, షాఫ్టు మీద కప్పీలు, కప్పీల నుంచి కిందికి తోలు బెల్టులు. డ్రిల్లింగు మిషనూ, సానచక్రమూ, లేతూ అన్నీ ఆ ఒక్క మోటారు చలవే. మోటారు ఆగితే షాపంతా ఆగేది. కరెంటు పోతే అందరం బయటికొచ్చి టీ తాగేవాళ్లం. అది మా సెలవు.

లేతు మీద పని నేర్చుకోవడమంటే నువ్వు చేసినట్టు ఫీజు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని బెంచీ మీద కూర్చోవడం కాదు. చేరిన కుర్రాడు జీతం అడగకూడదు. ఇస్తే కళ్లకద్దుకోవాలి. నాకు వారానికి రెండు రూపాయలిచ్చేవారు. పొద్దున్నే లేతు తుడిచి, పట్టాలకు నూనె రాసి, కింద పడ్డ ఇనప రజను ఊడ్చి బస్తాకెత్తాలి. మేస్త్రిగారు వచ్చేసరికి సుద్దముక్క ఒకటి, కొబ్బరిపీచు ఒకటి ఆయన కుడిచేతి పక్కన ఉండాలి. ఎడమచేతి పక్కన పెడితే మాట్లాడేవారు కాదు గాని, ఆ పూట టీ తెచ్చే పని మనకు ఉండేది కాదు. టీ తెచ్చేవాడికి అందులో ఓ గుక్క దక్కుతుంది కదా, అదీ శిక్ష.

ఆయన గేర్లు మార్చేటప్పుడు మాకు వీపు చూపించేవారు. ఏ చక్రం ఎక్కడ తగిలించారో కనబడేది కాదు. మూత తెరిచి, దాని లోపలివైపు సుద్దతో రాసిన అంకెలు చూసుకుని, పని కాగానే అరచేత్తో తుడిచేసేవారు. విద్య దాచుకోవడం ఆ తరానికి అలవాటు. తప్పు పట్టను. కోటి విద్యలు కూటికొరకే అన్నారు, ఆ కూడు ఎవడో కుర్రాడు పట్టుకుపోతే ఎలా? అయితే నూనె రాసేవాడికి కళ్లుంటాయని మాత్రం ఆయనకు తట్టలేదు.

లేతు సంగతి చెప్పాలి. అది యుద్ధానికి ముందు ఇంగ్లండు నుంచి వచ్చిన మిషను. దానికి తెలిసిందల్లా అంగుళాలే. పొడుగునా పడుకున్న లీడ్ స్క్రూకి అంగుళానికి నాలుగు మరలు. అంటే ఆ స్క్రూ ఒక్క చుట్టు తిరిగితే పనిముట్టు పావు అంగుళం జరుగుతుంది. కడ్డీని పట్టి తిప్పే చక్కు తిరుగుడుకీ ఈ స్క్రూ తిరుగుడుకీ మధ్య పళ్లచక్రాలు తగిలిస్తాం. చక్కు నాలుగు చుట్లు తిరిగేలోపు స్క్రూ ఒక్క చుట్టు తిరిగిందనుకో, అంగుళానికి పదహారు మరలు పడతాయి. ఇరవై పళ్ల చక్రం తిప్పితే ఎనభై పళ్ల చక్రం తిరగాలి, అంతే. పెట్టెలో ఇరవై నుంచి నూట ఇరవై దాకా అయిదేసి పళ్ల తేడాతో చక్రాలుండేవి. అంగుళాల బోల్టు ఏదొచ్చినా వాటితో లెక్క తెగేది. బెడ్‌ఫోర్డు లారీ అయినా, డాడ్జి అయినా, డెల్టాలో పొలాలకు నీళ్లు తోడే ఆయిలింజను అయినా అంతా అంగుళాల లోకమే. విట్‌వర్త్ దొర 1841లో ఇంగ్లండులో మరలకు ఒక పద్ధతి పెట్టాడు, యాభై అయిదు డిగ్రీల కోణంతో. ఆయన పుణ్యమా అని వందేళ్ల పైచిలుకు మా బోటివాళ్లు కళ్లు మూసుకుని మరలు కోశారు.

ఇంతలో రెండు కొత్తలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

మొదటిది నయాపైసా. 1957 ఏప్రిల్ ఒకటో తారీకు. ఏప్రిల్ ఒకటిన మొదలుపెట్టారేమిటని జనం నవ్వుకున్నారు కూడా. అంతకు ముందు రూపాయికి పదహారణాలు. అణాకి నాలుగు కానులు, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. పుస్తకం ముట్టని మా అమ్మమ్మ కూడా అయిదు బేడలు, మూడు పావలాలు కలిపి నోటితో లెక్క చెప్పేసేది. ఉన్నట్టుండి రూపాయికి వంద అన్నారు. పావలాకి పాతిక, సరే. అణాకి? ఆరుంపావు. పావు పైసా ఎక్కడిది? అణాకి ఆరు, బేడకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది అని సర్కారువారు పట్టిక వేసి గోడలకంటించారు.

మా షాపు ఎదురుగా టీకొట్టు. సింగిల్ టీ అణా. కొట్టాయన ఆరు నయాపైసలంటే తనకు పావు పైసా పోతోందని లెక్కగట్టి ఏడు చేశాడు. మావాళ్లు ఊరుకుంటారా? పదహారు టీలకు రూపాయి కదా, నీ లెక్కన రూపాయి పన్నెండు అవుతోంది, పన్నెండు పైసలు ఎవడబ్బ సొమ్మని పోట్లాట. ఆయనేమో, మీ లెక్కన తొంభై ఆరే వస్తోంది, నాలుగు పైసలు నా నెత్తిన కొడతారా అని. ఇద్దరి లెక్కా సరైనదే! అందుకే గొడవ వారం నడిచింది. ఆఖరికి ఒప్పందమేమిటంటే, విడిగా తాగేవాడు ఏడిచ్చుకోవాలి. షాపంతా కలిపి పదహారు తాగితే రూపాయి బిళ్ల పడెయ్యాలి. దాంతో పదహారు లెక్క తెగడం కోసం వద్దన్నవాడి చేత కూడా టీ తాగించేవాళ్లు. నాకు టీ అలవాటు తగులుకున్నది అప్పుడే.

నవ్వుతావేం? ఈ పావు పైసా గొడవ ఊరికే చెప్పలేదు. జ్ఞాపకం పెట్టుకో, లేతు మీదికి మళ్లీ వస్తుంది.

రెండో కొత్త టాటా బెంజి లారీ. టాటావాళ్లు 1954లో జర్మనీ బెంజి కంపెనీతో చేతులు కలిపారు. 1969 దాకా ఆ లారీల మూతి మీద మూడుకోణాల నక్షత్రం ఉండేది, నువ్వు పుట్టేసరికి ఎటూ లేదు. గట్టి బండి. డ్రైవర్లు దాని మీద మోజుపడి పాత బళ్లు వదిలేసేవాళ్లు. కానీ దాని నట్లూ బోల్టులూ జర్మనీ పద్ధతి, అంటే మిల్లీమీటర్లు. మా దగ్గరున్న అరంగుళం పానా, ముప్పావు పానా పట్టుకుని దాని దగ్గరికెళితే ఒకటి వదులు, ఇంకొకటి ఎక్కదు. ఎక్కనిదాన్ని సుత్తితో ఎక్కించినవాళ్లున్నారు. తర్వాత తియ్యడానికి ఉలి పెట్టినవాళ్లూ ఉన్నారు.

మర సంగతి ఇంకా తమాషా. లారీలో సన్నమర బోల్టుకి మరకూ మరకూ మధ్య ఎడం ఒకటిన్నర మిల్లీమీటరు. మాకు చేతనైన పదహారు మరల అంగుళం బోల్టుకి ఆ ఎడం 1.5875. చూపుకి రెండూ ఒకటే. నట్టు పెడితే మొదటి రెండు చుట్లు సంతోషంగా ఎక్కుతుంది, మూడో చుట్టు బిగుస్తుంది, నాలుగో చుట్టుకి మొరాయిస్తుంది. అక్కడ ఆగాలా? ఆగరు. పానాకు గొట్టం తొడిగి, ఆ గొట్టానికి క్లీనరు కుర్రాణ్ణి వేలాడదీసేవాళ్లు. అప్పుడు ఎక్కుతుంది, ఎందుకెక్కదు? లోపల మరలన్నీ పచ్చడి చేసుకుంటూ ఎక్కుతుంది. ఆ నట్టు మళ్లీ ఊడేది లారీ తుక్కుకి వెళ్లినప్పుడే. డ్రైవరు మాత్రం మీసం దువ్వి, చూశావా ఎంత గట్టిగా బిగిసిందో అనేవాడు.

మా మేస్త్రిగారు అంత మొరటు మనిషి కాదు. ఒక రాత్రి కూర్చుని లెక్క చూశారు. అంగుళానికి పదహారు కాకుండా పదిహేడు మరలు కోస్తే ఎడం 1.494 వస్తుంది. ఒకటిన్నరకు ఎంత తక్కువ? మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఆరు. ఇరవై పళ్ల చక్రం తిప్పేది, ఎనభై అయిదు పళ్లది తిరిగేది, రెండూ పెట్టెలోనే ఉన్నాయి. టూలు మాత్రం యాభై అయిదు డిగ్రీలకు బదులు అరవైకి సాన పట్టాలి, మిల్లీమీటరు మర కోణం అది. మామూలు నట్టులో పట్టేది ఎనిమిది మరలు. ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది. అంటే మా కొలతలో, అంగుళంలో వెయ్యోవంతుని థౌ అనేవాళ్లం, రెండు థౌలు కూడా లేదు, మర సందులో కలిసిపోతుంది. బోల్టు చేత్తో తిప్పితే ఎక్కింది. బందరు రోడ్డులో మా షాపు పేరు మారుమోగింది. బెంజి బోల్టు కావాలంటే అక్కడికెళ్లు అనేవాళ్లు. అంగుళం బోల్టుకి అర్ధరూపాయి తీసుకునే చోట దీనికి ముప్పావలా. పన్నెండణాలంటే డెబ్బై అయిదు పైసలు, ఇక్కడ మాత్రం లెక్క చక్కగా తెగుతుంది చూశావా!

అలా ఒక ఏడాది గడిచిందో, ఎక్కువో. దసరా ముందు ఒక ప్రింటింగు ప్రెస్సు నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. బెజవాడలో అప్పట్లో ప్రెస్సులకు కొదవలేదు. పంచాంగాలు, గైడ్లు, నవలలు, కేలండర్లు, ఏదైనా ఇక్కడే అచ్చవ్వాలి. వాళ్ల జర్మనీ యంత్రంలో ఒక పొడుగాటి స్క్రూ అరిగిపోయింది. అది తిరిగే కంచు నట్టు మాత్రం బాగానే ఉంది. మూడంగుళాల పొడుగు నట్టు. స్క్రూ ఒక్కటీ చేసిపెడితే చాలు, కేలండర్ల రోజులు, ఎంతైనా ఇస్తామన్నాడు. మర ఎడం చూస్తే మన ఒకటిన్నరే. మేస్త్రిగారు మీసం కింద నవ్వుకుని ఇరవై, ఎనభై అయిదు తగిలించారు.

స్క్రూ అద్దంలా వచ్చింది. తీసుకెళ్లి కంచు నట్టుకి పెట్టారు. పది చుట్లు ఎక్కింది, ఇరవై చుట్లు కాస్త బరువుగా ఎక్కింది, ఆ తర్వాత కదల్లేదు. ఇప్పుడు చెప్పు, ఎందుకు? శభాష్, పావు పైసా! మూడంగుళాల్లో యాభై మరలు. యాభై ఆర్లు మూడు వందలు, పన్నెండు థౌలకు దగ్గర. ఒక్క టీకి కనబడని పావు పైసా పదహారు టీలకు నాలుగు పైసలై కూర్చున్నట్టే ఇదీనూ. నట్టులో చెల్లిన దొంగలెక్క ఇక్కడ చెల్లలేదు.

మేస్త్రిగారు ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు. లాంతరు పెట్టుకుని లెక్క వేస్తూనే ఉన్నారు. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. మన లీడ్ స్క్రూ ఒక చుట్టుకు జరిగేది 6.35. ఒకటిన్నరని 6.35తో భాగించు. పైనా కిందా ఇరవైతో హెచ్చవేస్తే ముప్పై బై నూట ఇరవై ఏడు. ఈ నూట ఇరవై ఏడుంది చూశావూ, ఇది మహా మొండి అంకె. రెండుతో పోదు, మూడుతో పోదు, అయిదు, ఏడు, పదకొండు, దేనితోనూ పోదు. పోతే రెండు చిన్న చక్రాలు కలిపి సర్దుకోవచ్చు. పోదు కాబట్టి అన్ని పళ్ల చక్రమే కావాలి. 25.4ని అయిదుతో హెచ్చిస్తే వచ్చే అంకె అదే. మిల్లీమీటరుకీ అంగుళానికీ చుట్టరికం కలవాలంటే వేరే గుమ్మం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి మళ్లీ వస్తాను. ఈ 25.4 కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంగ్లీషువాళ్ల అంగుళం దీనికంటే కంటికి కనబడనంత తక్కువ, అమెరికావాళ్లది కంటికి కనబడనంత ఎక్కువ. స్వీడన్‌లో జొహాన్సన్ అనే ఆయన కొలతల దిమ్మలు చేసేవాడు, అద్దాల్లా ఒకదానికొకటి అతుక్కునేవి. ఆయన ఇద్దరి తగవూ నాకెందుకని 25.4 పట్టుకుని అంగుళాల దిమ్మలు చేశాడు. ఫ్యాక్టరీలన్నీ ఆ దిమ్మలతోనే కొలవసాగాయి. ఆఖరికి 1959 జులైలో ఇంగ్లండు, అమెరికా, ఇంకో నాలుగు దేశాలు కలిసి సరే అదే అంగుళమని ఒప్పుకున్నాయి. దొరలు తేల్చుకోలేనిది ఒక పనివాడు తేల్చాడు. మాలాంటివాళ్లకు ఇలాంటి కథలు ఇష్టం, ఏమనుకోకు.

ఎక్కడున్నాం? చక్రం దగ్గర. పెట్టెలో ఉన్నది నూట ఇరవై దాకానే. కొత్తది చేయిద్దామంటే నూట ఇరవై ఏడు భాగాలు పంచడం డివైడింగు హెడ్డుకి కూడా తేలిక కాదు. దాని పళ్లేల మీద అన్ని చిల్లుల వరస ఉండదు. అందుకు వేరే గేర్లు తగిలించి తిప్పాలి, అంతటి సరంజామా ఊళ్లో ఎవడికుంది? మేస్త్రిగారు తల పట్టుకు కూర్చున్నారు. పొద్దున షాపు తెరిచాం. పన్నెండు కొట్టింది. నేను యథాప్రకారం భోజనం గంట కొట్టాను.

ఇప్పుడు వచ్చింది గంట. మా షాపు గుమ్మానికి ఒక ఇనప చక్రం తీగతో వేలాడేది. ఎప్పటి నుంచో తెలీదు. దాన్ని రాడ్డుతో కొడితే ఖంగుమని బెంజి సర్కిల్ దాకా వినబడేది. అప్పటికి ఆ సర్కిల్‌కి ఆ పేరుందో లేదో అడక్కు, దూరం చెబుతున్నాను. ఆ ఖంగుమన్న మోతకి మేస్త్రిగారు తలెత్తి చూశారు. చూసి, లేచి, స్టూలెక్కి ఆ చక్రం పళ్లు సుద్దతో గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టారు. ఒకసారి నూట ఇరవై ఆరు వచ్చింది. తిట్టుకుని మళ్లీ లెక్కపెట్టారు. నూట ఇరవై ఏడు!

లేతుతో పాటే ఇంగ్లండు నుంచి వచ్చిన చక్రం అది. అయిదు అయిదుగా ఉన్న వరసలో ఇమడలేదని, ఇదెక్కడి దిక్కుమాలిన అంకె అని పాత ఓనరు గుమ్మానికి కట్టించాడట. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నారు గాని, గుమ్మాన వేలాడే చెట్టు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లూ నేను దాన్ని రోజుకు రెండుసార్లు ఇనప రాడ్డుతో బాదుతున్నాను. పోత ఇనుము. నాలుగు పళ్ల అంచులు నలిగాయి. ఆ మధ్యాహ్నం అన్నం మానేసి మేస్త్రిగారు సన్న ఆకురాయితో వాటిని సరిచేశారు. గంట పోయింది గనక షాపులో ఇంకెవరికీ భోజనానికి పిలుపు అందలేదు. అందరం మూడింటికి తిన్నాం.

ముప్పై తిప్పేది, నూట ఇరవై ఏడు తిరిగేది, మధ్యలో అందుకోవడానికి ఏదో ఒకటి. లెక్క కుదిరింది. ఆ పెద్ద చక్రం పట్టేందుకు క్వాడ్రంటు చివరిదాకా జరపాల్సివచ్చింది, మూత మూసుకోలేదు. మూయకుండానే నడిపారు. మీ సేఫ్టీ ఆఫీసరు ఉంటే మూర్ఛపోయేవాడు.

అసలు చిక్కు ఇక్కడుంది, చెవి ఇలా పెట్టు. మర ఒక్క కోతలో తెగదు. ఒకటిన్నర ఎడానికి ముప్పై ఆరు థౌల లోతు, అది కొద్దికొద్దిగా పదీ పన్నెండు కోతల్లో దింపాలి. అంగుళం మర అయితే ప్రతి కోతకీ లీడ్ స్క్రూని పట్టుకునే హాఫ్ నట్ తెరిచి, క్యారేజీని చేత్తో వెనక్కి లాక్కుని, మళ్లీ మూసెయ్యొచ్చు. పదహారు మరలకైతే ఎక్కడ మూసినా అదే గాట్లో పడుతుంది, కొన్నిటికి సుద్ద గుర్తులు పెట్టుకోవాలి. మిల్లీమీటరు మరకు ఆ వరస కుదరదు. చక్కు నూట ఇరవై ఏడు చుట్లు తిరిగితే గాని స్క్రూ సరిగ్గా ముప్పై చుట్లు తిరిగి ఇద్దరూ మొదటి జాగాకి రారు. అంతలో క్యారేజీ ఏడున్నర అంగుళాలు నడుస్తుంది. మధ్యలో ఎక్కడ వదిలి పట్టుకున్నా టూలు పాత గాట్లో పడదు. అందుకని హాఫ్ నట్ ఒక్కసారి మూశావా, పని అయ్యేదాకా తెరవకూడదు. పెళ్లిలో బ్రహ్మముడి ఎలాగో అలాగ. కోత చివర టూలు వెనక్కి లాగాలి, లేతు ఆపాలి, అడ్డబెల్టు మీదికి మార్చి చక్కుని వెనక్కి తిప్పి క్యారేజీని మొదటికి తేవాలి. పని మొదలుకన్నా ఇంకాస్త వెనక్కి తేవాలి. పళ్ల మధ్య వదులు సర్దుకోవాలి కదా. అప్పుడు టూలు లోపలికి పెట్టి మళ్లీ ముందుకు. బెల్టు మార్చే కర్ర నా చేతిలో ఉండేది. మేస్త్రిగారు ఎడమచెయ్యి లేపితే ముందుకు, కుడిచెయ్యి లేపితే వెనక్కి. మాటల్లేవు.

ఓనరుగారి మేనల్లుడొకడు మద్రాసు నుంచి సెలవులకొచ్చి ఆ పూట అక్కడే నిలబడ్డాడు. టెర్లిన్ చొక్కా, పదునైన క్రాఫు. ఇంత నిదానంగా చేస్తే ఎప్పటికవుతుందండీ, ఆ హాఫ్ నట్ లివరు ఎత్తి చేత్తో లాగేస్తే అయిపోదూ అన్నాడు. తాతకు దగ్గు నేర్పినట్టు. మేస్త్రిగారు పలకలేదు. తొమ్మిదో కోత అయ్యాక ఆయన కళ్లజోడు తుడుచుకోవడానికి అటు తిరిగారు. మనవాడు సాయం చేద్దామనుకున్నాడు. లివరు ఎత్తాడు, క్యారేజీని సర్రున లాగాడు, మళ్లీ నొక్కాడు, నాకేసి చూసి గొప్పగా కనుబొమలెగరేశాడు. అడ్డుపడేంత పెద్దవాణ్ణి కాదు నేను, ఓనరుగారి మేనల్లుడాయె. పదో కోతకు టూలు రెండు మరల మధ్య వెన్ను మీదుగా దిగింది. ఒక మర ఉండాల్సిన చోట రెండు, రెండూ సగం సగం. మేస్త్రిగారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. తిట్టలేదు. ఆ స్క్రూ ఊడదీసి, ఆ అబ్బాయి చేతిలో పెట్టి, మద్రాసు తీసుకెళ్లి అందరికీ చూపించు నాయనా, నువ్వు చేసిందని చెప్పు అన్నారు. కొత్త కడ్డీ బిగించారు. రెండో స్క్రూ రాత్రి తొమ్మిదికి తెగింది. కంచు నట్టు దాని మీద వేలితో తిప్పితే జారింది. ప్రెస్సువాళ్లు పదిహేను రూపాయలూ, ఆ ఏటి కేలండరొకటీ ఇచ్చారు. కేలండరు చాలా ఏళ్లు ఉంది షాపులో.

తర్వాత ఎదుటి వరసలో ఇంకో మేస్త్రి మాకు పోటీకొచ్చాడు. ఆయనకు నూట ఇరవై ఏడు దొరకలేదు. ఎక్కడో అరవై మూడు పళ్ల చక్రం సంపాదించాడు. అరవై మూడూ ముప్పై తిప్పేవి, ఎనభై, నూరూ తిరిగేవి. మా మేస్త్రిగారు మొదట నవ్వారు, తర్వాత లెక్క చూసుకుని నవ్వు మానేశారు. నూట ఇరవై ఏడుని అరవై మూడుతో హెచ్చిస్తే ఎనిమిది వేల ఒకటి. ఎనభైని నూరుతో హెచ్చిస్తే ఎనిమిది వేలు. ఎనిమిది వేలకు ఒకటి తప్పు! అడుగు పొడుగు స్క్రూలో థౌన్నర. పదిహేడు మరల మోసం దీని ముందు పగటి దోపిడీ. మైక్రోమీటరు స్క్రూ చెయ్యాలంటే నేనూ ఒప్పుకోను గాని, బందరు రోడ్డు మీద తిరిగే ఏ బండికైనా అది చాలు. వాళ్లిద్దరూ మాత్రం ఏళ్ల తరబడి పలకరించుకోకుండా ఉన్నారు. ఆ ఎనిమిది వేలలో ఒకటి కోసం. తెలివైనవాళ్లే, ఏం చేస్తాం!

ఆ తర్వాత అంతా మారిపోయింది. కిలోలొచ్చాయి, వీశెలు పోయాయి. 1964లో నయాపైసలో నయా కూడా ఊడింది. మన దేశంలో చేసిన లేతులు, గేర్‌బాక్సులున్నవి, అటు మీట తిప్పితే అంగుళం, ఇటు తిప్పితే మిల్లీమీటరు. ఐటీఐ పిల్లలకు ఈ లెక్క బోర్డు మీద రాసి చెప్పెయ్యసాగారు. అయిదు పీ ఎన్ బై నూట ఇరవై ఏడు. పీ అంటే కావలసిన ఎడం, ఎన్ అంటే లీడ్ స్క్రూకి అంగుళంలో మరలు. మా మేస్త్రిగారు వీపు అడ్డం పెట్టి దాచిన విద్య అంతా అంత పొట్టిది. అది విని ఆయనకు ఒక పూట అన్నం సహించలేదు. మరునాడు మాత్రం ఐటీఐ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, సూత్రం సరే, హాఫ్ నట్ సంగతి మీ అయ్యవారు చెప్పారా అని అడిగారు. వాడు తెల్లమొహం వేశాడు. ఆ రోజు ఆయన రెండు పూటల భోజనమూ ఒక్కసారే చేశారు.

అంగుళం చచ్చిపోయిందని మీవాళ్లనుకుంటున్నారు. మొన్న మీ ఇంట్లో కుళాయి కారితే ప్లంబరు ఏం తెమ్మన్నాడు? అరంగుళం ఎల్బో అన్నాడా లేదా? ఆ గొట్టం మర ఇవాళ్టికీ అంగుళానికి పద్నాలుగే. ఇప్పుడు మీ షాపు మూల పడి ఉన్న ఆ పాత మిల్లీమీటరు లేతు మీద ఆ మర కొయ్యమంటే ఏం చేస్తావు? లీడ్ స్క్రూ ఎడం ఆరు మిల్లీమీటర్లు. నూట ఇరవై ఏడే మళ్లీ కావాలి, ఈసారి తిరిగే వైపు కాదు, తిప్పే వైపు. నూట ఇరవై ఏడూ ఇరవై ఇటు, నూట అయిదూ ఎనభై అటు. నమ్మకం లేకపోతే కాగితం తీసి కట్టి చూడు. ఫోనులో కాదు, కాగితం మీద.